ఘన, ద్రవ, వాయు పదార్థాలను చిన్నపిల్లలకు పరిచయం చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రాయి ఘనపదార్థం, నీరు ద్రవం, గాలి వాయువు అని నాలుగేళ్ల పిల్లలచేత కూడా పది నిమిషాల్లో చెప్పించవచ్చు. అయితే అలా గడగడా అప్పజెప్పిన పిల్లల ముందే ఒక దూది ఉండను ఉంచి ఇది వాటిలో ఏదని అడిగితే చాలామంది తడబడతారు. ఘనపదార్థం అంటే గట్టిగా ఉండేది అనే అర్థం వారి మనసులో అప్పటికే స్థిరపడి ఉంటుంది, దూది మెత్తగా ఉంటుంది. అదే విధంగా పోయడానికి వీలవుతుంది కనుక ఇసుకను ద్రవమంటారు, చిక్కగా ఉంది కనుక తేనెను ద్రవం కాదంటారు, మూత పెట్టిన ఖాళీ సీసాలో ఏమీ లేదంటారు. తమకు కనబడిన మేరకు పిల్లలు సరిగానే ఆలోచించి ఈ జవాబులు చెబుతారు కాబట్టి వాటిని తప్పులుగా కొట్టివేయడం న్యాయం కాదు. ఈ పాఠంలో నిర్వచనం చివరన రావాలి. అంతకు ముందు పిల్లల చేతుల్లోకి వస్తువులు రావాలి, ముఖ్యంగా ఏ వర్గంలోనూ తేలికగా ఇమడని వస్తువులు రావాలి.

ఈ క్రమం నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల కోసం ఉద్దేశించినది. ఒక్కో మెట్టుకు కనీసం ఒక్కో రోజు కేటాయించి, రోజుకు పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా నడిపితే మంచిది. పిల్లలు అడిగితే అదే ప్రయోగాన్ని మరునాడు మళ్లీ చేయించడానికి వెనుకాడకూడదు. రెండోసారి చేసేటప్పుడే వారు మొదటిసారి గమనించనిది గమనిస్తారు.

సిద్ధం చేసుకోవలసినవి, తీసుకోవలసిన జాగ్రత్తలు

వేర్వేరు ఆకారాల్లో ఉన్న మూడు నాలుగు పారదర్శకమైన పాత్రలు, ఒక వెడల్పాటి తొట్టి, సమతలమైన ట్రే, భూతద్దం, సూది లేని ప్లాస్టిక్ సిరంజి, గరాటు, బంకమట్టి, స్పాంజి, దూది, చక్కెర, ఉప్పు, నూనె, తేనె, నీటిలో కలిపే రంగు, ఐసు ముక్కలు ఉంటే దాదాపు అన్ని ప్రయోగాలూ జరిగిపోతాయి. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఉంటే ఇంకా మంచిది.

వేడినీరు, కొవ్వొత్తి, పొయ్యి పెద్దల చేతుల్లోనే ఉండాలి. పిల్లలు దూరంగా నిలబడి చూస్తే చాలు. ఊదని బెలూన్లు, పగిలిన బెలూన్ ముక్కలు చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక బెలూన్‌ను పెద్దవారే ఊది, పగిలిన వెంటనే ముక్కలను ఏరివేయాలి. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐసు తడి వేళ్లకు అంటుకుపోతుంది, అందువల్ల రెండు మూడు నిమిషాలు బయట ఉంచిన తరువాతే పిల్లలకు ఇవ్వాలి. దాదాపు మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ చల్లదనంతో ఉండే డ్రై ఐస్‌ను (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను) ఈ వయసు పిల్లల దగ్గరకు తీసుకురాకపోవడమే మేలు.

మొదటి మెట్టు: పేర్లు చెప్పకుండా వర్గీకరించడం

రాయి, చెక్కముక్క, చెంచా, గుడ్డపీలిక, స్పాంజి, దూది, రబ్బరు బ్యాండు, ఒక గిన్నెలో చక్కెర, వేర్వేరు సీసాల్లో నీరు, నూనె, తేనె, ఊదిన బెలూన్, మూత బిగించిన ఖాళీ సీసా, వీటన్నిటినీ ఒకచోట పెట్టి, "ఒకేలాంటివి అని నీకు అనిపించినవాటిని ఒకచోట చేర్చు" అని మాత్రమే చెప్పండి. రంగును బట్టి చేర్చినా, పరిమాణాన్ని బట్టి చేర్చినా సరిదిద్దవద్దు. "ఇవి ఒకచోట ఎందుకు పెట్టావు?" అని అడిగి, చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చివరి రోజున పనికివస్తుంది.

తరువాత రెండు ప్రశ్నలు పరిచయం చేయండి. ఈ వస్తువును మరో పాత్రలోకి మార్చితే దాని ఆకారం మారుతుందా? మూత తీసి వదిలేస్తే అది ఉన్నచోటే ఉంటుందా, పరుచుకుంటుందా, కనబడకుండా గదంతా వ్యాపిస్తుందా? పాఠమంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది. గట్టిగా ఉందా మెత్తగా ఉందా అనే ప్రశ్నను మాత్రం మన వైపు నుంచి ఎప్పుడూ ఎత్తకూడదు, ఎందుకంటే తప్పు భావనకు మూలం అదే.

రెండో మెట్టు: ఘనపదార్థాలు

చెక్కముక్కను పళ్లెంలో నుంచి గిన్నెలోకి, గిన్నెలో నుంచి గ్లాసులోకి మార్పించండి. దాని ఆకారం మారదని పిల్లలు వెంటనే చెప్పేస్తారు కాబట్టి దీని మీద ఎక్కువసేపు గడపనవసరం లేదు. బంకమట్టి దగ్గర కొంచెం ఆగాలి. నొక్కితే దాని ఆకారం మారుతుంది, కానీ చేయి తీసేశాక ఆ కొత్త ఆకారం అలాగే నిలుస్తుంది, గిన్నెలో వేసినంత మాత్రాన గిన్నె ఆకారం తెచ్చుకోదు. బలం ప్రయోగిస్తే మారడం వేరు, తనంతట తాను పరుచుకోవడం వేరు అని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. స్పాంజిని నొక్కితే చిన్నదవుతుంది కదా అని వారు అడిగితే దానిని నీటిలో ముంచి పిండించండి. బుడగలు పైకి వస్తాయి. నొక్కినప్పుడు బయటికి పోయింది స్పాంజి రంధ్రాల్లో ఉన్న గాలి అని అప్పుడు చెప్పవచ్చు, ఆ విధంగా వాయువు పాఠానికి కూడా బీజం పడుతుంది.

అసలు సమయమంతా చక్కెరకు, ఇసుకకు ఇవ్వండి. చక్కెరను గరాటులో నుంచి పోస్తే నీటిలాగే జారుతుంది, గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారంలోనే కుదురుకుంటుంది, కనుక అది ద్రవమని వాదించే పిల్లవాడి వాదనలో బలముంది. అతనికి భూతద్దం ఇచ్చి ఒక్క పలుకును చూడమనండి. అంచులు, మూలలు ఉన్న చిన్న దిమ్మె కనబడుతుంది. ఆ పలుకును చెంచాలో పెట్టినా, అరచేతిలో పెట్టినా దాని ఆకారం మారదు. పిమ్మట పళ్లెం మధ్యలో చక్కెర పోయించి, పక్కనే మరో పళ్లెంలో నీరు పోయించండి. చక్కెర కుప్పగా నిలుస్తుంది, నీరు కుప్పగా నిలవదు. ఇసుక, ఉప్పు, పిండి వంటివి ఎన్నో చిన్న ఘనపదార్థాల గుంపులని ఈ రెండు పరిశీలనల తరువాత ఐదారేళ్ల పిల్లలు తామే చెప్పగలుగుతారు.

మూడో మెట్టు: ద్రవాలు

రంగు కలిపిన 200 మిల్లీలీటర్ల నీటిని వెడల్పాటి గిన్నెలో నుంచి సన్నని పొడవాటి గ్లాసులోకి పోసి, "ఇప్పుడు నీరు ఎక్కువైందా, తగ్గిందా, అంతే ఉందా?" అని అడగండి. ఏడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది ఎక్కువైందనే అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే (1896–1980) పిల్లల ఆలోచనా తీరును పరిశీలిస్తూ ప్రసిద్ధం చేసిన ప్రయోగం ఇదే. ఎత్తు పెరిగితే పరిమాణం పెరిగినట్టు కనబడటం ఆ వయసు ఆలోచనలో భాగం. వాదించి ఒప్పించే ప్రయత్నం చేయకుండా, నీటిని తిరిగి గిన్నెలోకి పోయించి, మళ్లీ గ్లాసులోకి పోయించి, పిల్లలనే కొలవనివ్వండి. ఆకారం పాత్రను బట్టి మారుతుంది, పరిమాణం మారదు అనే మాట కొందరికి ఆ రోజు ఎక్కుతుంది, కొందరికి ఏడాది తరువాత ఎక్కుతుంది. తొందరపెట్టినందువల్ల లాభం లేదు.

దీని తరువాత చేయదగినది సీసా బొమ్మ. నిలువుగా ఉన్న ఖాళీ సీసా బొమ్మను, పక్కకు వంగిన సీసా బొమ్మను కాగితం మీద గీసి, సగం నీరు ఉంటే ఎలా కనబడుతుందో రెండింటిలోనూ గీయమనండి. వంగిన సీసాలో కూడా చాలామంది నీటి గీతను సీసా అడుగుకు సమాంతరంగానే గీస్తారు, అంటే సీసాతోపాటు నీరు కూడా వాలిపోయినట్టు గీస్తారు. ఇప్పుడు సగం రంగునీరు నింపి మూత బిగించిన నిజమైన సీసాను వారి చేతికిచ్చి, వారి బొమ్మ పక్కనే, అదే కోణంలో వంచి పట్టుకోమనండి. పిల్లవాడు ఒకసారి సీసావైపు, ఒకసారి కాగితంవైపు చూసి, మాట్లాడకుండా సీసాను ఇంకొంచెం వంచి చూస్తాడు. నీటి పైభాగం ఎటు వంచినా నేలకు సమాంతరంగానే ఉంటుంది. ఆ తరువాత అడగకుండానే చాలామంది తమ గీతను చెరిపి మళ్లీ గీసుకుంటారు. మీరు వివరణ మొదలుపెట్టకుండా ఊరుకోగలిగితే ఈ ప్రయోగానికి సగం విలువ అక్కడే వస్తుంది.

తేనె కూడా ద్రవమే అని తేల్చడానికి వాలుగా పెట్టిన ట్రే చాలు. నీరు, నూనె, తేనె ఒక్కో చెంచా చొప్పున పై అంచున ఒకేసారి వదిలితే నీరు ముందు, నూనె తరువాత, తేనె చివరికి కిందికి చేరుతాయి. ముందుగా ఎవరు గెలుస్తారో ఊహించి చెప్పించడం మరువవద్దు. నెమ్మదిగా పారినా పారేది ద్రవమే, కాసేపు వదిలేస్తే తేనె కూడా పాత్రలో సమంగా సర్దుకుంటుంది.

నాలుగో మెట్టు: వాయువులు

మూడింటిలోనూ పిల్లలకు కష్టమైనది ఇదే, కనుక మిగిలిన రెండింటికి కలిపి ఎంత సమయం ఇస్తారో అంత సమయం దీనికి ఇవ్వండి. కనబడనిదానికి చోటు కావాలి, కనబడనిదానికి బరువుంది అని ఒప్పుకోవడం పెద్దవారికి కూడా ఒకంతట సాధ్యమయ్యే పని కాదు.

ముందు చోటు సంగతి చూపించాలి. పొడి గ్లాసు అడుగున ఒక టిష్యూ కాగితాన్ని ఉండచుట్టి, జారిపడకుండా గట్టిగా దూర్చండి. గ్లాసును తలకిందులు చేసి, తొట్టిలోని నీటిలోకి నిటారుగా, ఏమాత్రం వంచకుండా, పూర్తిగా ముంచుతారని చెప్పి, కాగితం తడుస్తుందా అని అడగండి. తడుస్తుందనే అందరూ అంటారు. ముంచి, అంతే నిటారుగా పైకి తీసి, కాగితాన్ని పిల్లల చేతనే బయటికి తీయించండి. అది పొడిగా ఉంటుంది. నీటిని ఏది ఆపిందని అడిగితే మొదట గ్లాసు అంటారు, గ్లాసు మూతి తెరిచే ఉంది కదా అంటే ఆలోచనలో పడతారు. ఇప్పుడు అదే గ్లాసును నీటి లోపల కొద్దిగా వంచండి. పెద్ద బుడగ ఒకటి బయటికి వస్తుంది, ఆ మేరకు నీరు లోపలికి వెళుతుంది, ఈసారి కాగితం తడుస్తుంది. బయటికి వెళ్లింది ఏమిటో చెప్పవలసిన అవసరం అప్పటికి ఉండదు.

సిరంజి ప్రయోగం వాయువుకూ ద్రవానికీ ఉన్న భేదాన్ని వేళ్లకే తెలియజేస్తుంది. సిరంజిలో గాలి నింపి, మొనను వేలితో గట్టిగా మూసి, పిడిని నొక్కమనండి. అది కొంతదూరం లోపలికి వెళ్లి, వదిలితే తిరిగి వెనక్కి వస్తుంది. ఈసారి గాలి బుడగ లేకుండా నీరు నింపి అదే విధంగా నొక్కితే పిడి కదలదు. గాలిని తక్కువ చోటులోకి అదమవచ్చు, నీటిని అలా అదమడం మన చేతి బలానికి సాధ్యం కాదు.

బరువు చూపించడానికి రెండు బెలూన్లను కర్రకు రెండు వైపులా కట్టి ఒకదాన్ని పగలగొట్టే ప్రయోగం వాడుకలో ఉంది. దానికంటే ఫుట్‌బాల్ మంచి సాధనం. బెలూన్‌లోని గాలి చుట్టూ ఉన్న గాలి కంటే స్వల్పంగానే ఒత్తిడితో ఉంటుంది, అందువల్ల తేడా చాలా చిన్నది, పగిలిన ముక్క ఎగిరిపోతే ఫలితమే తారుమారవుతుంది. గుండ్రంగా ఉండి, నొక్కితే మెత్తగా లొంగే బంతిని తూచి, పంపుతో గట్టిపడేదాకా గాలి కొట్టి మళ్లీ తూస్తే కొన్ని గ్రాములు పెరగడం త్రాసు మీద స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణ వాతావరణంలో ఒక లీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 గ్రాములు. ఈ అంకె పిల్లలకు అవసరం లేదు గానీ మీకు తెలిసి ఉంటే వారి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు.

వాయువు వ్యాపిస్తుందని చూపడానికి గది మూలలో అత్తరు సీసా మూత తీసి, పిల్లలను వేర్వేరు దూరాల్లో కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, వాసన తగలగానే చేయి ఎత్తమనండి. చేతులు వరుసగా లేస్తాయి.

సీసాలో వెనిగర్ పోసి, మూతికి తొడిగిన బెలూన్‌లో నుంచి వంటసోడా జారవిడిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి బెలూన్ ఉబ్బుతుంది. పిల్లలు దీన్ని ఎంతగానో ఇష్టపడతారు. సీసాకు బిరడా బిగించి మాత్రం ఎన్నడూ చేయరాదు. మరో విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడ కొత్త పదార్థం పుడుతోంది కనుక ఇది రసాయన మార్పు, ద్రవం వాయువుగా మారడానికి ఉదాహరణ కాదు. గాలి ఒక్కటే కాక ఇతర వాయువులు కూడా ఉన్నాయని చెప్పడానికి మాత్రమే దీన్ని వాడుకోవాలి.

ఐదో మెట్టు: ఒక స్థితి నుంచి మరో స్థితికి

ఐసు ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసి తూచి, పూర్తిగా నీరయ్యాక మళ్లీ తూచండి. బరువు మారదు. ఉన్న పదార్థం అదే, దాని స్థితి మాత్రమే మారింది అని చెప్పడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. డబ్బా బయట తేమ పట్టి ఉంటే తూచే ముందు తుడవాలి. తరువాత మెత్తని ప్లాస్టిక్ సీసాలో మూడు వంతుల నీరు పోసి, మట్టం దగ్గర గీత గీసి, ఫ్రీజర్‌లో పెట్టండి. ఐసు ఆ గీతను దాటి పైకి వస్తుంది, ఎందుకంటే నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గాజు సీసా అయితే పగిలిపోతుంది కనుక వాడకూడదు.

ఆవిరి కావడాన్ని చూపడానికి ఓపిక కావాలి. సమానంగా కొలిచిన నీటిని వెడల్పాటి పళ్లెంలో, సన్నని మూతి సీసాలో, మూత బిగించిన డబ్బాలో పోసి, రోజూ ఒకే వేళకు చూసి బొమ్మ గీయించండి. పళ్లెంలోని నీరు ముందుగా తరిగిపోతుంది, మూత ఉన్న డబ్బాలోనిది అలాగే ఉంటుంది. నీరు పళ్లెంలోకి ఇంకిపోయిందని చెప్పే పిల్లలకు మూత ఉన్న డబ్బాయే జవాబు.

చల్లని గ్లాసు బయట పట్టే నీటి బిందువుల గురించి అడిగితే, లోపలి నీరు గాజులో నుంచి ఊరిందని పిల్లలు అంటారు. లోపల ముదురు రంగు కలిపిన ఐసు నీరు పోసి, గ్లాసుకు మూత పెట్టి, బయటి బిందువులను తెల్లటి కాగితంతో తుడవమనండి. కాగితానికి రంగు అంటదు. కనబడకుండా గాలిలో ఉన్న నీటి ఆవిరే చల్లని గాజును తాకి నీరుగా మారిందని ఇప్పుడు చెప్పవచ్చు.

మరిగే నీటి దగ్గర పెద్దలు కూడా పొరబడతారు. పాత్ర మూతి నుంచి తెల్లగా పొగలా లేచేదాన్ని ఆవిరి అంటాం గానీ, ఆవిరి వాయువు, అది కంటికి కనబడదు. తెల్లగా కనబడేవి ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి బిందువులు. మూతి గొట్టానికీ, తెల్లని మేఘానికీ మధ్య కొద్దిపాటి చోటు ఖాళీగా కనబడుతుంది. అసలు ఆవిరి ఉన్నది అక్కడే, చేయి కాలే ప్రమాదం ఉన్నదీ అక్కడే. సముద్ర మట్టం వద్ద 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది.

ఐసు కరగడం, చక్కెర నీటిలో కరగడం ఒకటే అనుకోవడం తెలుగు పిల్లలకు సహజం, ఎందుకంటే రెండింటికీ మనం వాడేది ఒకే మాట. ఖాళీ గిన్నెలో ఐసు ముక్కను, మరో ఖాళీ గిన్నెలో చక్కెరను, మూడో గిన్నెలో నీరు, చక్కెర కలిపి ఉంచి గంట తరువాత చూపండి. ఐసుకు గది వెచ్చదనం సరిపోయింది, చక్కెరకు నీటి తోడు కావలసివచ్చింది. ఉప్పునీటిని నల్ల కాగితం మీద రాసి ఆరనిస్తే ఉప్పు పలుకులు తిరిగి కనబడతాయి. దానితో ఉప్పు ద్రవంగా మారిపోలేదని, నీటిలో కలిసిపోయి ఉందని రుజువవుతుంది.

ఆరేళ్లు దాటిన పిల్లలు నీరు కాకుండా ఇంకేవి మారతాయని అడుగుతారు. కొవ్వొత్తి మైనాన్ని చూపించి, ఇనుము కూడా 1538 డిగ్రీల వద్ద ద్రవమవుతుందని, పాదరసం లోహమైనా గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుందని, గాలిలోని నైట్రోజన్‌ను మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవంగా మారుతుందని చెప్పండి. నీరు మాత్రమే మూడు స్థితుల్లో ఉంటుందనే భ్రమ దీనితో తొలగిపోతుంది.

ఆరో మెట్టు: చిక్కు పదార్థాలు

రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌కు ఒక వంతు నీరు కలిపితే వచ్చే ముద్దను గట్టిగా కొడితే గట్టిపడుతుంది, వేళ్ల మధ్య వదిలేస్తే జారిపోతుంది. సబ్బు నురగలో ద్రవం, గాలి కలిసి ఉంటాయి. టూత్‌పేస్ట్ నొక్కితేనే కదులుతుంది. వీటిని బలవంతంగా ఒక వర్గంలో పడేయకుండా, ఏ ప్రశ్నకు ఘనపదార్థంలా జవాబిస్తోంది, ఏ ప్రశ్నకు ద్రవంలా జవాబిస్తోంది అని పిల్లలచేత చెప్పించడమే ఇక్కడ చేయవలసిన పని. ప్లాస్మా వంటి ఇతర స్థితులు ఈ వయసుకు అక్కరలేదు.

కణాల మాట ఎప్పుడు ఎత్తాలి

ఏడేళ్ల లోపు పిల్లలకు అణువుల గురించి చెప్పకపోయినా లోటేమీ లేదు. ఎనిమిదేళ్లకు దగ్గరైనవారితో ఆటగా ఆడించవచ్చు. ఘనపదార్థంగా ఉన్నప్పుడు భుజాలు ఆనించుకుని, స్థానం కదలకుండా ఊగాలి. ద్రవమైతే ఒకరినొకరు రాసుకుంటూ చోట్లు మారాలి. వాయువైతే గదంతా పరుగెత్తాలి. ద్రవంలో పిల్లలను దూరదూరంగా నిలబెట్టడం తరచుగా జరిగే పొరపాటు. నిజానికి ద్రవంలోని కణాలు దాదాపు ఘనపదార్థంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, వాయువులోనే బాగా దూరమవుతాయి. కణాలే మెత్తబడతాయని, కణాలే కరుగుతాయని అనిపించే మాటలు కూడా మన నోట రాకూడదు.

తెలిసిందో లేదో చూడటం

ఒక వారం విరామం ఇచ్చి, పాఠంలో ఎక్కడా వాడని వస్తువులను ముందు పెట్టండి: తాడు, సబ్బు ద్రావణం, పౌడరు, గాలి నింపిన టైరు ట్యూబు. పేరు సరిగ్గా చెప్పాడా అన్నదానికంటే, "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు ఏం చెబుతాడో వినండి. "పౌడరు ఘనపదార్థం, ఎందుకంటే కుప్పగా నిలుస్తుంది" అన్న జవాబులో పాఠం ఉంది. "పౌడరు ఘనపదార్థం, ఎందుకంటే మీరు చెప్పారు" అంటే రెండో మెట్టుకు తిరిగి వెళ్లాలి. పొరపాటుగా పౌడరును ద్రవమని చెప్పి, "పోస్తే పారుతోంది కదా" అని కారణం చూపిన పిల్లవాడు రెండో జవాబు చెప్పినవాడి కంటే ముందున్నాడు. అతనికి కావలసింది భూతద్దం మాత్రమే.

చివరగా మొదటి రోజు రాసుకున్న కాగితాన్ని తీసి, అప్పటి కారణాలను వారికే చదివి వినిపించి, ఇప్పుడు వేటిని మారుస్తావని అడగండి. మార్చనివి మిగిలితే వాటిని బట్టి తరువాతి వారం ఏ ప్రయోగం మళ్లీ చేయించాలో నిర్ణయించుకోవచ్చు.